పదో తరగతి పునశ్చరణ: ఎవరి మాట ఎంతవరకు నిలుస్తుంది?

సంక్రాంతి సెలవులు ముగియగానే తెలుగు రాష్ట్రాల్లో పదో తరగతి పిల్లలను సలహాలు చుట్టుముడతాయి. పైకి చదవమని ఒకరంటే మనసులో చదువుకోమని మరొకరంటారు. తెల్లవారుజామున లేస్తేనే చదువు ఎక్కుతుందని ఇంట్లో చెబుతారు, రాత్రి స్టడీ అవర్స్ తప్పవని బడిలో చెబుతారు. పాఠ్యపుస్తకం మొదటి పేజీ నుంచి చివరి దాకా చదవాలని ఒక మాస్టారు అంటే, ఉన్న రోజుల్లో అది అయ్యే పని కాదు గనక ఇంపార్టెంట్ క్వశ్చన్లు పట్టుకోమని ఇంకో మాస్టారు అంటారు. వీటిలో కొన్నింటి వెనక తరతరాల అనుభవం ఉంది, కొన్నింటి వెనక ప్రయోగాలున్నాయి. కొన్నింటి వెనక అలవాటు తప్ప మరేమీ లేదు. ఏ సలహా ఏ కోవలోకి వస్తుందో విడదీసి చూడటమే ఈ వ్యాసం పని.

బట్టీ మీద ఫిర్యాదుకు రెండు వందల ఏళ్లు

1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని బడుల మీద మద్రాసు ప్రభుత్వానికి నివేదిక పంపాడు. అంతకు ఏడేళ్ల ముందే తెలుగు వ్యాకరణం అచ్చువేయించినవాడు కాబట్టి భాష తెలిసే మాట్లాడాడు. అప్పటికి ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. పిల్లలు పద్యాలు గడగడా ఒప్పజెబుతున్నారు గానీ, ఆ కావ్యభాషకూ వాళ్లు మాట్లాడే భాషకూ ఉన్న దూరం వల్ల అర్థం తెలియకుండానే చదువుతున్నారని రాశాడు. అదే నివేదికలో మెచ్చుకోలు కూడా ఉంది. ముందున్న పిల్లల చేత వెనకున్న పిల్లలకు చెప్పించే పద్ధతి వల్ల చెప్పేవాళ్ల చదువు కూడా గట్టిపడుతోందని ఆయన గమనించాడు.

క్యాంప్‌బెల్ ఫిర్యాదు సరైనదే. అయితే వల్లె వేయడమంతా ఒకే రకం కాదు. వేదపాఠంలో పదం, క్రమం, జట, ఘనం అంటూ ఒకే మంత్రంలోని పదాలను ముందుకూ వెనక్కూ పేని చెప్పిస్తారు. శిష్యుడు గురువు ఎదుట చూడకుండా చెప్పాలి. తప్పితే అక్కడికక్కడే దిద్దుతారు. అవధానం చివర వచ్చే ధారణ కూడా ఇలాంటిదే. అవధాని అంతకుముందు చెప్పిన పద్యాలన్నీ కాగితం లేకుండా వరసగా చదవాలి. ఈ సంప్రదాయాల్లో జ్ఞాపకాన్ని నిలబెట్టింది పదే పదే వినడం ఒక్కటే కాదు, పదే పదే చూడకుండా చెప్పడం. మన బడుల్లోకి వచ్చేసరికి ఈ రెండో సగం చాలావరకు జారిపోయింది. పుస్తకం ముందు పెట్టుకుని అదే పేరా పదిసార్లు గొణుక్కోవడం మాత్రం మిగిలింది.

పరీక్ష ఒత్తిడి వేరే దారిన వచ్చింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడి, మెట్రిక్యులేషన్ పరీక్ష కాలేజీ చదువుకూ సర్కారు కొలువుకూ గుమ్మమైంది. 1902 నాటి విశ్వవిద్యాలయాల కమిషన్ అప్పుడే కుండబద్దలు కొట్టింది: పరీక్ష బోధనను అనుసరించడం మానేసి బోధనే పరీక్షను అనుసరిస్తోందని. 1952–53లో ముదలియార్ కమిషన్, 1964–66లో కొఠారి కమిషన్, 1993లో యశ్‌పాల్ కమిటీ, 2005లో జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, అన్నీ ఏదో ఒక రూపంలో ఈ మాటనే మళ్లీ చెప్పాయి. 2009 విద్యాహక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని ఎనిమిదో తరగతి దాకా చట్టంలోనే చేర్చింది. ఆ గాలి పదో తరగతికీ తగిలింది. రాష్ట్రం విడిపోయిన తర్వాతి కొన్నేళ్లలో రెండుచోట్లా రాతకు 80, అంతర్గత మదింపుకు 20 మార్కుల పద్ధతి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2019లో ఆ ఇరవై మార్కులు తీసేసింది. తెలంగాణ తీసేస్తామని 2024 నవంబరులో ప్రకటించి, ఆ ఏడాదికి వాయిదా వేసింది. నడుమ 2020, 2021లో కొవిడ్ వల్ల పరీక్షలే రద్దయ్యాయి. పదకొండు పేపర్ల పరీక్ష ఆరేడు పేపర్లకు తగ్గింది.

ఈ మార్పుల చరిత్ర ఎందుకంటే, పునశ్చరణ సలహా ఎప్పుడూ ప్రశ్నపత్రం వెంటే నడుస్తుంది. పేపరు మారినప్పుడల్లా నిన్నటి సలహా పాతబడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 94.88 శాతం ఉన్న ఉత్తీర్ణత 2022లో 67.26 శాతానికి పడిపోయింది. పిల్లలు చదవడం మానేశారని కొందరు తీర్పు చెప్పేశారు. ఆ మూడేళ్లలో అంతర్గత మార్కులు పోయాయి, పేపర్లు తగ్గాయి, రెండేళ్ల బడి పోయింది. ఇన్ని ఒకేసారి మారినప్పుడు చదివే పద్ధతి మీదే నెపం వేయడం న్యాయం కాదు.

సలహాలు చెప్పే నాలుగు వర్గాలు

మొదటిది వల్లె వర్గం. ఎక్కాలు, సూత్రాలు, పద్యాలు, చరిత్ర తేదీలు నోటికి రావాలని, ఆలోచన వాటిమీద నిలబడుతుందని వీరి వాదం. ఇందులో నిజముంది. పదమూడో ఎక్కం కోసం ప్రతిసారీ ఆగే పిల్లవాడికి వర్గ సమీకరణం మీద పెట్టడానికి మనసు మిగలదు. పైకి చదవడం మీద వీరి పట్టుదలకూ కొంత ఆధారం దొరికింది. మౌనంగా చదివిన మాటలకన్నా పైకి పలికిన మాటలు బాగా గుర్తుంటాయని కాలిన్ మెక్లౌడ్ బృందం 2010లో చూపింది. వీరి బలహీనత, ఎన్నిసార్లు చదివారన్న లెక్కనే చదువుగా భావించడం.

రెండోది అర్థం వర్గం. యశ్‌పాల్ కమిటీ నుంచి 2005 చట్రం దాకా, మన రాష్ట్రాల కొత్త పాఠ్యపుస్తకాల దాకా ఈ వర్గం మాటే అధికారిక విధానం. అర్థమైతే గుర్తుండటం దానంతటదే జరుగుతుందని వీరు నమ్ముతారు. ఇక్కడే చిక్కు ఉంది. అర్థమైన పాఠం కూడా మరుపుకు లోనవుతుంది. ఆగస్టులో చక్కగా అర్థమైన ‘విద్యుత్తు’ పాఠం మార్చికి మసకబారితే, పిల్లవాడికి అప్పుడు అర్థం కాలేదని కాదు, తర్వాత ఎవరూ దాన్ని తట్టి లేపలేదని.

మూడోది పరీక్ష లెక్క తెలిసిన వర్గం. క్వశ్చన్ బ్యాంకులు, బిట్ పేపర్లు, పాత ప్రశ్నపత్రాలు, ఏ పాఠానికి ఎన్ని మార్కుల వెయిటేజీ అన్న పట్టికలు వీరి సరంజామా. ప్రభుత్వాలూ ఈ దారిలోనే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో వంద రోజుల ప్రణాళిక, తెలంగాణలో అభ్యాస దీపికలు ఈ వర్గానికి చెందినవే. వీరిని తేలిగ్గా తీసిపారేయడం మర్యాద కాదు. పాసు మార్కు 35 దగ్గర ఊగిసలాడే పిల్లకు ఏ ప్రశ్న వదిలేయాలో, ఏది ముందు రాయాలో చెప్పడం నిజమైన సాయమే. అయితే ఈ పద్ధతి గత పేపర్ల మీద బతుకుతుంది. ప్రశ్న కాస్త తిప్పి అడిగితే కూలిపోతుంది.

నాలుగోది జ్ఞాపకం మీద ప్రయోగాలు చేసిన శాస్త్రవేత్తల వర్గం. మన సలహాల పుస్తకాల్లో అందరికన్నా తక్కువ కనిపించేది వీరి మాటే. అందుకని దాని దగ్గర కాస్త ఎక్కువ సేపు ఆగుదాం.

పుస్తకం మూసి చదవడం

జర్మన్ పరిశోధకుడు హెర్మన్ ఎబింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల జాబితాలను తానే కంఠస్థం చేసి, తానే మరిచిపోతూ, 1885లో మరుపు లెక్క కట్టాడు. మరుపు మొదట్లో వేగంగా, తర్వాత మెల్లగా సాగుతుందని తేల్చాడు. 1939లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో హెర్బర్ట్ స్పిట్జర్ 91 బడుల్లో 3,605 మంది ఆరో తరగతి పిల్లలతో ప్రయోగం చేశాడు. చదివిన వెంటనే చిన్న పరీక్ష రాసిన పిల్లలకు వారాల తర్వాత కూడా పాఠం ఎక్కువగా గుర్తుంది. పరీక్ష కొలిచే సాధనం మాత్రమే కాదని, అదే నేర్పుతుందని దీని అర్థం. బడిపిల్లల మీద ఇంత పెద్ద ప్రయోగం జరిగినా దశాబ్దాల పాటు ఎవరూ పట్టించుకోలేదు.

2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ దీన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చారు. విద్యార్థులకు చిన్న వ్యాసాలిచ్చి, కొన్నింటిని రెండోసారి చదివించారు, కొన్నింటిని చూడకుండా గుర్తున్నంత రాయించారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే తిరిగి చదివినవే మెరుగు: 81 శాతం, రాసినవి 75 శాతం. వారం తర్వాత లెక్క తలకిందులైంది. రాసినవి 56 శాతం, తిరిగి చదివినవి 42 శాతం. పరీక్షకు ముందురోజు రాత్రి తిరగేసే పిల్లలకు తమకు అన్నీ వచ్చేశాయని ఎందుకనిపిస్తుందో ఆ అయిదు నిమిషాల అంకె చెబుతుంది. కళ్లముందు ఉన్నదాన్ని గుర్తుపట్టడం, లేనిదాన్ని గుర్తు తెచ్చుకోవడం వేర్వేరు పనులు. పరీక్ష హాల్లో కావలసింది రెండోది.

గుండె పాఠమే తీసుకుందాం. పుస్తకంలో బొమ్మ చూస్తూ కర్ణికలు, జఠరికలు, మహాధమని అని వేలు పెట్టి చదువుకున్నంత సేపు అంతా వచ్చినట్టే ఉంటుంది. పుస్తకం మూసి తెల్లకాగితం మీద గీయమంటే ఎడమ జఠరిక గోడ ఎందుకు మందంగా ఉంటుందన్న దగ్గర పెన్సిలు ఆగుతుంది. ఆగిన చోటే చదవాల్సిన చోటు. అప్పుడు పుస్తకం తెరిచి, శరీరమంతటికీ రక్తాన్ని నెట్టే గది అదేనని చూసి, మూసి, మళ్లీ గీస్తే ఆ ఒక్క సంగతి నిలుస్తుంది. పదిసార్లు చదివినా ఆ ఖాళీ బయటపడేది కాదు.

దీనికి జోడీ ఎడం. ఒకే రోజు నాలుగు గంటలు కూర్చోవడం కన్నా ఆ నాలుగు గంటలను వారాల మీద పరచడం మేలని వందలాది ప్రయోగాలు చూపాయి. నికొలస్ సెపెడా బృందం 2008లో వెయ్యి మందికి పైగా మీద చేసిన అధ్యయనం ప్రకారం, వారం తర్వాత పరీక్ష ఉంటే తొలి చదువుకూ పునశ్చరణకూ మధ్య ఒక రోజు ఎడం చాలు. ఏడాది దూరంలో ఉంటే మూడు వారాల ఎడం మేలు చేసింది. 2013లో జాన్ డన్‌లాస్కీ, సహ పరిశోధకులు పది అధ్యయన పద్ధతులను బేరీజు వేసి, స్వీయ పరీక్షకూ ఎడం పెట్టి చదవడానికీ మాత్రమే పైస్థాయి ఇచ్చారు. రంగు గీతలు గీయడం, తిరిగి చదవడం, సారాంశాలు రాసుకోవడం అట్టడుగున నిలిచాయి.

మూడో సంగతి లెక్కల వాళ్లకు. గోడకు ఆనించిన నిచ్చెన బొమ్మ పదో తరగతి పుస్తకంలో ఒకచోటే ఉండదు. నిచ్చెన పొడవు, అడుగు దూరం ఇస్తే పైథాగరస్ సిద్ధాంతం. కోణం ఇస్తే త్రికోణమితి. పక్కనే ఒక కర్ర, దాని నీడ ఇస్తే సరూప త్రిభుజాలు. అభ్యాసం చివర ఉన్న లెక్కల్లో ఏ పాఠమో ముందే తెలుసు కాబట్టి సూత్రం ఎంచుకునే కష్టం పిల్లలకు అలవాటు కాదు. పరీక్షలో ఏ లెక్క మీదా పాఠం పేరు రాసి ఉండదు. డౌగ్ రోరర్, కెల్లీ టేలర్ 2007లో దీన్ని కొలిచారు. ఒకే రకం లెక్కలు వరసగా చేసినవాళ్లు సాధన వేళ 89 శాతం, కలిపి చేసినవాళ్లు 60 శాతం తెచ్చుకున్నారు. వారం తర్వాతి పరీక్షలో మొదటివాళ్లు 20 శాతానికి పడ్డారు, రెండోవాళ్లు 63 దగ్గర నిలిచారు. సాధన వేళ తడబాటు చూసి ‘ఈ పద్ధతి పనికిరాదు’ అనుకునే ఉపాధ్యాయులు ఈ నాలుగు అంకెలను బల్ల మీద పెట్టుకోవాలి.

ఇంత ఆధారం ఉన్నా పిల్లలు ఈ దారి పట్టరు. 2009లో కార్పికీ అమెరికాలో 177 మంది కాలేజీ విద్యార్థులను అడిగితే దాదాపు 84 శాతం తిరిగి చదువుతామన్నారు. చూడకుండా గుర్తు తెచ్చుకుంటామన్నవాళ్లు 11 శాతమే. కారణం సోమరితనం కాదు. మేలు చేసే పద్ధతి చేస్తున్నంత సేపు కష్టంగా, ఓడిపోతున్నట్టుగా ఉంటుంది. తిరిగి చదవడం హాయిగా, గెలుస్తున్నట్టుగా ఉంటుంది. పదిహేనేళ్ల పిల్లలకు ఆ తేడా ఎవరైనా చెప్పాలి.

నిద్ర, తెల్లవారుజాము

నిద్ర మీద వాదం పెద్దగా మిగల్లేదు. చదివి నిద్రపోయినవాళ్లు చదివి మేలుకున్నవాళ్లకన్నా తక్కువ మరిచారని 1924లోనే జెన్కిన్స్, డాలెన్‌బాక్ చూపారు. 13–18 ఏళ్ల వయసుకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని అమెరికా నిద్రవైద్య సంఘం 2016లో సిఫారసు చేసింది. ఈ వయసులో ఒంటి గడియారం ఆలస్యంగా తిరుగుతుంది కాబట్టి రాత్రి త్వరగా నిద్ర పట్టదు. తెల్లవారుజామున చదవడం మంచిదా కాదా అన్నది రాత్రి ఎప్పుడు పడుకున్నారన్న దాన్నిబట్టే ఉంటుంది. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్స్ పెట్టి అయిదింటికి లేపే హాస్టల్‌లో ఈ రెండు సలహాలూ కలిసి హాని చేస్తాయి.

ఎక్కడ కలుస్తారు, ఎక్కడ విడిపోతారు

వల్లె వర్గం అప్పజెప్పించుకోమంటుంది, పరీక్ష వర్గం పాత పేపర్లు రాయమంటుంది, శాస్త్రవేత్తలు స్వీయ పరీక్ష అంటారు. మూడూ చూడకుండా బయటికి తీయడం దగ్గర కలుస్తాయి. అర్థం వర్గం ఒక్కటే ఈ పనిని అనుమానంగా చూసింది. ఆ అనుమానం బట్టీ మీద ఉండాల్సింది, గుర్తు తెచ్చుకోవడం మీద కాదు. విడిపోయేది కాలం విషయంలో. వల్లె వర్గానికి రోజూ కావాలి, పరీక్ష వర్గం జనవరిలో నిద్రలేస్తుంది, శాస్త్రవేత్తలు మొదటి వారం నుంచే మొదలుపెట్టమంటారు. ఈ విషయంలో ఆధారాలు స్పష్టంగా మూడోవారి పక్షాన ఉన్నాయి. వంద రోజుల ప్రణాళిక ఎంత చక్కగా రాసినా, దానికి ముందున్న నెలలన్నీ పాత పాఠాన్ని తాకకుండా గడిస్తే అది పునశ్చరణ కాదు, మళ్లీ మొదటి చదువే.

తేలని సంగతులు

ఈ ప్రయోగాల్లో చాలావరకు కాలేజీ విద్యార్థుల మీద, చిన్న పాఠ్యభాగాలతో జరిగాయి. అనేక మెట్లున్న లెక్కల్లాంటి క్లిష్టమైన విషయాల్లో స్వీయ పరీక్ష వల్ల మేలు తగ్గిపోతుందని తమారా వాన్ గాగ్, జాన్ స్వెల్లర్ 2015లో వాదించారు. తగ్గదని కార్పికీ పక్షం అదే ఏడాది జవాబిచ్చింది. కొత్తగా నేర్చుకునేవారికి చేసి చూపిన లెక్కలు ముందు కావాలన్న స్వెల్లర్ మాటలో మాత్రం బలముంది. శ్రేఢులు అసలు పట్టుబడని పిల్ల చేతిలో మోడల్ పేపరు పెట్టి రాయమంటే ఆమె నేర్చుకునేది నిరాశే.

రెండోది భయం. తరచూ చిన్న పరీక్షలు పెడితే బెదురు తగ్గుతుందా, పెరుగుతుందా? పూజా అగర్వాల్ బృందం 2014లో అమెరికాలో 1,408 మంది బడిపిల్లలను అడిగితే 72 శాతం తగ్గిందన్నారు. అక్కడ ఆ పరీక్షలు నేర్చుకోవడానికి పెట్టిన సాధన. మన స్లిప్ టెస్టుల మార్కులు తరగతిలో చదివి వినిపిస్తారు, సెక్షన్లు మారుస్తారు, ఇంటికి ఫోన్ చేస్తారు. పేరు ఒకటే అయినా పని వేరు. వారానికో గ్రాండ్ టెస్టు పెట్టే కార్పొరేట్ బడులు ఈ శాస్త్రాన్ని తమకు సాక్ష్యంగా చూపించుకోవడం కుదరదు.

మూడోది, అన్నిటికన్నా బరువైనది, భాష. 2025 పరీక్షలకు ఆంధ్రప్రదేశ్‌లో అయిదున్నర లక్షలకు పైగా పిల్లలు ఇంగ్లీషు మాధ్యమంలో, దాదాపు 51 వేల మంది తెలుగు మాధ్యమంలో నమోదయ్యారు. పాఠం తెలుగులో విని, జవాబు ఇంగ్లీషులో రాయాల్సిన పిల్లకు బట్టీ పట్టొద్దని చెప్పడం తేలిక. ఆమెకు ‘కిరణజన్య సంయోగక్రియ’ ఏమిటో తెలుసు, దాని గురించి నాలుగు ఇంగ్లీషు వాక్యాలు కూర్చడం తెలియదు. కాబట్టి గైడులోని నాలుగు వాక్యాలు అక్షరం పొల్లుపోకుండా ఎక్కించుకుంటుంది. ఆమె స్థితిలో అది తెలివైన పనే. ఎదురెదురు పేజీల్లో ఇంగ్లీషు, తెలుగు ఉన్న ద్విభాషా పుస్తకాలు కొంత ఆసరా ఇచ్చాయి. తెలుగులో గుర్తు తెచ్చుకుని ఇంగ్లీషులో రాయడం సాధన చేస్తే ఎంత నిలుస్తుందన్నది మన బడుల్లోనే, మన పిల్లలతోనే తేల్చాల్సిన ప్రశ్న. విదేశీ ప్రయోగాలు దీనికి జవాబివ్వవు.

నాలుగోది ప్రశ్నపత్రం. బట్టీకి మార్కులు పడినన్నాళ్లు బట్టీ వద్దన్న సలహా గోడ మీద రాతగానే ఉంటుంది. పదో తరగతి పరీక్షను 2026 నుంచి ఏడాదికి రెండుసార్లు పెట్టాలని సీబీఎస్ఈ నిర్ణయించింది. రెండో అవకాశం ఒత్తిడి తగ్గిస్తుందా, లేక పునశ్చరణ కాలాన్ని మరికొన్ని నెలలు సాగదీస్తుందా అన్నది కొన్నేళ్లు గడిస్తే గానీ తెలియదు.

బడులకు ఒక మాట

ఇంతవరకు సలహాలన్నీ పిల్లలకే ఇస్తున్నాం. ఎడం పెట్టి చదవడం పదిహేనేళ్ల పిల్ల ఒంటరిగా చేయగలిగిన పని కాదు, అది బడి టైంటేబులు చేయాల్సిన పని. జూలైలో చెప్పిన పాఠం మీద ఆగస్టులో అయిదు ప్రశ్నలు, అక్టోబరులో అయిదు, డిసెంబరులో అయిదు అడగండి. పిల్లలు పుస్తకం మూసి రాయాలి, తమ కాగితం తామే దిద్దుకోవాలి, ఆ మార్కులు ఏ రిజిస్టరులోకీ ఎక్కకూడదు. పీరియడులో మొదటి పది నిమిషాలు దీనికి చాలు. దీనికి కొత్త పుస్తకమూ అక్కర్లేదు, ప్రభుత్వ ఉత్తర్వూ అక్కర్లేదు. ప్రధానోపాధ్యాయులు వచ్చే జూన్ టైంటేబులు వేసేటప్పుడు ఆ పది నిమిషాలకు చోటు పెట్టాలి.